ఫోన్ మోగాక కోస్ట్ గార్డ్ ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం.

కోస్ట్ గార్డ్ అనగానే చాలామందికి హెలికాప్టరు, దాని కింద తాడుకు వేలాడే మనిషి గుర్తొస్తారు. టీవీల్లో చూపించేది అదే కాబట్టి తప్పు పట్టలేం. కానీ మనిషి దక్కుతాడా లేదా అన్నది చాలాసార్లు అంతకు ముందే, ఒక గదిలో, ఫోన్ మాటల్లోనే తేలిపోతుంది. ఈరోజు ఎక్కువగా ఆ గది గురించే చెబుతాను. ఎందుకంటే ఆ లైనుకు అటు చివర డ్యూటీ ఆఫీసరు ఉంటే, ఇటు చివర ఉండేది మీలాంటివాళ్లే.

ఫోన్ వచ్చిందనుకుందాం. "ఎవరో కొట్టుకుపోతున్నారండీ, తొందరగా రండి!" అని అరుస్తారు. ఆఫీసరు ముందు అడిగేది "ఎక్కడ?" అనే. ఏం జరిగిందో సరిగ్గా తెలియకపోయినా చోటు తెలిస్తే పడవ బయల్దేరుతుంది. సంగతంతా తెలిసి చోటు తెలియకపోతే పడవను ఎటు పంపాలి? మధ్యలో లైను తెగిపోయినా చేతిలో మిగలాల్సిన సమాచారం అదొక్కటే.

"బీచ్ దగ్గర" అంటే చాలదు, బీచ్ కిలోమీటర్ల పొడవుంటుంది. అందుకే ఇలా అడుగుతారు: "సముద్రం వైపు తిరిగి నిలబడండి. ఆ మనిషి మీకు ఎడమ పక్కన ఉన్నాడా, కుడి పక్కనా? మీ వెనకాల ఏం కనిపిస్తోంది? లైట్‌హౌసా, సెల్ టవరా?" కొన్ని దేశాల్లో ఎమర్జెన్సీ నంబరుకు చేస్తే ఫోనే తన లొకేషన్ పంపేస్తుంది. మంచి సదుపాయమే. కాకపోతే అది చెప్పేది మీరున్న చోటు, నీళ్లలో ఉన్న మనిషి చోటు కాదు.

తర్వాతి ప్రశ్నలు వరసగా వస్తాయి. ఎంతమంది? పెద్దవాళ్లా, పిల్లలా? లైఫ్ జాకెట్ ఉందా? బట్టలు ఏ రంగు? ఇక్కడే చాలామందికి ఒళ్లు మండుతుంది. "ప్రాణం పోతుంటే బట్టల రంగు అడుగుతారేంటి?" అంటారు. ఆ టెన్షన్‌లో అలా అనడం సహజమే. అయితే మీరు మాట్లాడుతుండగానే పక్క సీటులో ఉన్నవాళ్లు లైఫ్‌బోటుకు, ఒడ్డు మీది టీముకు కబురు పంపేస్తుంటారు. మీ జవాబులు దార్లో ఉన్నవాళ్లకు చేరుతుంటాయి. ప్రశ్నల వల్ల ఆలస్యమేమీ జరగదు. ఇక రంగు సంగతి: అలల మధ్య మనిషి తల దూరానికి ఫుట్‌బాల్ అంత కూడా కనిపించదు. ఎరుపో నారింజో అయితే కన్ను పట్టేస్తుంది, నీలం నీళ్లలో కలిసిపోతుంది. ఏ రంగు కోసం వెతకాలో సిబ్బందికి ముందే తెలిస్తే ఎంత తేడానో ఆలోచించండి.

ఆ తర్వాత ఆఫీసరు చెప్పే మాట: "మీరు దిగకండి. అతని మీద నుంచి చూపు తిప్పకండి." పక్కన ఇంకొకరుంటే ఒకరు ఫోన్‌లో మాట్లాడాలి, రెండోవారు వేలు చాపి అటే చూపిస్తూ ఉండాలి. ఒక్కసారి చూపు తప్పితే మళ్లీ దొరకడం చాలా కష్టం. వెల్లకిలా తేలమని, ఈదడానికి తంటాలు పడొద్దని అరిచి చెప్పమంటారు కూడా. నీళ్లు బాగా చల్లగా ఉంటే మొదటి నిమిషంలో ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. ఆపై పది నిమిషాల్లోపే చేతులు కాళ్లు మాట వినడం మానేస్తాయి. ఎంత గజ ఈతగాడికైనా అంతే.

మనిషి కనబడకుండా పోయాడంటే లెక్కలు మొదలవుతాయి. నీళ్లలో ఉన్న మనిషి ప్రధానంగా ప్రవాహంతో పోతాడు. గాలి నింపిన ట్యూబో, ఖాళీ పడవో గాలితో పోతుంది. కాబట్టి ట్యూబు దొరికిన చోటే మనిషీ ఉంటాడనుకోకూడదు. చివరగా ఎప్పుడు, ఎక్కడ చూశారన్న దాన్నిబట్టి, గాలి, ప్రవాహం కలిపి కంప్యూటరు మీద వెతకాల్సిన ప్రాంతాన్ని గీస్తారు. మనిషి కొట్టుకుపోయి ఉండగల దూరం రెండింతలైతే వెతకాల్సిన విస్తీర్ణం నాలుగింతలవుతుంది. "ఇంకాసేపు చూద్దాం, వాడే వచ్చేస్తాడులే" అని గడిపేసిన అరగంట ఖరీదు ఆ లెక్కలోనే తెలుస్తుంది.

సముద్రం మధ్యలో ఉంటే ఫోన్ కన్నా వీహెచ్‌ఎఫ్ రేడియో, అంటే ఓడలూ పడవలూ మాట్లాడుకునే రేడియో, మేలు. ఫోన్ ఒక్కరికే వినిపిస్తుంది. ఛానల్ 16 మీద "మేడే" (ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే పిలుపు) అని పిలిస్తే చుట్టుపక్కల ఓడలన్నీ వింటాయి. ఆపదలో ఉన్నవాళ్లకు సాయానికి వెళ్లడం కెప్టెన్‌కు అంతర్జాతీయ చట్టం పెట్టిన బాధ్యత. ఏ సముద్ర భాగంలో గాలింపు ఏ దేశం చూసుకోవాలన్న ఏర్పాటుకు 1979లో హాంబర్గ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఆధారం. ఫోన్ నంబర్లు మాత్రం దేశానికొకటి: బ్రిటన్‌లో 999కి చేసి కోస్ట్ గార్డ్ కావాలనాలి, భారత్‌లో 1554.

సాయం వచ్చాక కూడా కంగారు పడకూడని చోట్లు ఉన్నాయి. హెలికాప్టరు నుంచి దిగే తీగలో స్టాటిక్ కరెంటు ఉంటుంది. అది నీటినో డెక్‌నో తాకే దాకా ముట్టుకుంటే షాక్ కొడుతుంది. చల్లటి నీళ్లలో చాలాసేపు ఉన్న మనిషిని వీలైనంత వరకూ పడుకోబెట్టినట్టుగానే పైకి తీస్తారు. నిలువుగా లాగితే కాళ్ల చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి ఒక్కసారిగా తప్పి, రక్తపోటు పడిపోయి, పైకి తీసిన తర్వాత గుండె ఆగిన సందర్భాలున్నాయి. అంతసేపు బతికున్నవాడు పడవ ఎక్కాక పోవడమంటే అంతకన్నా ఘోరం ఏముంటుంది!

ఇంకొక సంగతి. "తీరా ఏమీ కాకపోతే తిడతారేమో" అని ఫోన్ చేయనివాళ్లు ఉంటారు. మంచి ఉద్దేశంతో చేసిన ఫోన్‌కు ఎవరూ తిట్టరు. తేలుతున్న దుంగను మనిషనుకున్నారు, అంతే కదా. ఆకతాయితనంగా చేసేవాళ్ల సంగతి వేరు, దానికి శిక్షలున్నాయి. మనిషి తనంతట తానే ఒడ్డుకు వచ్చేస్తే మాత్రం దయచేసి వెంటనే మళ్లీ ఫోన్ చేసి చెప్పండి. మీరు ఇంటికెళ్లి భోంచేసి పడుకున్నా, ఆ సంగతి తెలియని సిబ్బంది చీకట్లో అతని కోసం ఇంకా వెతుకుతూనే ఉంటారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.