పెట్టెలో మిగలనివి

శ్రోతలకు నమస్కారం.

పని అవగానే కంప్యూటరు కట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి అలవాటు. కానీ ఆ యంత్రం మన బల్ల మీదికి చేరేలోపే దానికోసం బోలెడంత ఇంధనం కాలిపోయి ఉంటుంది. 2004లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం పరిశోధకులు అప్పటి కంప్యూటరుకూ, దాని 17 అంగుళాల తెరకూ కలిపి లెక్క వేశారు. తయారీకి కనీసం 240 కిలోల ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీళ్లు. ఇంధనం ఒక్కటే యంత్రం బరువుకు పదింతలు! కారుకో ఫ్రిజ్‌కో ఇది ఒకటి రెండింతలు దాటదు. అప్పటి బరువైన గాజు తెరలు ఇప్పుడు లేవు. అయినా అంత ఇంధనం ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు.

అందులో పెద్ద వాటా చిప్పులకు పోతుంది. సిలికాన్‌ను 1,414 డిగ్రీల దగ్గర కరిగించి కడ్డీగా లాగుతారు. పలుచటి బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్ల మీద వందల దశల్లో పని చేస్తారు. గదిలో దుమ్ము కణం ఉండకూడదు. అందుకని గాలిని వడగట్టే ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరుగుతాయి, మనుషులు లేని వేళ కూడా. ఇక్కడ పొదుపుకు మంచి వీలుంది. ఫ్యాన్ వేగం అయిదో వంతు తగ్గిస్తే, అది తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. గాలి శుభ్రంగా ఉన్న సమయంలో వేగం తగ్గించుకుంటే చాలు, కొత్త కనిపెట్టడాలేవీ అక్కర్లేదు.

బిళ్ల మీద గీతలు చెక్కడానికి వాడే వాయువుల్లో కార్బన్ టెట్రాఫ్లోరైడ్ ఒకటి. గాలిలో కలిసిందంటే సుమారు 50,000 ఏళ్లు భూమిని వేడెక్కిస్తూ ఉంటుంది. పొగగొట్టం దాకా పోనివ్వకుండా దాన్ని లోపలే విడగొట్టే పరికరాలున్నాయి. అవి పెట్టుకోవడానికి ఫ్యాక్టరీ ఖర్చు భరించాలి, అంతే.

ఇక విషాల సంగతి. చట్టం గట్టిగా పట్టుకున్నది సీసాన్ని. సర్క్యూట్ బోర్డు మీద భాగాలను అతికించే టంకంలో తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు ఉండేవి. 183 డిగ్రీలకే కరిగేది, పనివాళ్లకు ఎంతో అనువు. కానీ సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. యూరోపియన్ యూనియన్ 2006 జూలై 1 నుంచి సీసం, పాదరసం, కాడ్మియం సహా ఆరు పదార్థాలకు హద్దు గీసింది. సీసమైతే వస్తువులో వాడిన ఏ ఒక్క పదార్థంలోనూ 0.1 శాతం మించకూడదు. ఒక మార్కెట్టుకు ఒక రకం, ఇంకోదానికి ఇంకో రకం చేయడం కంపెనీలకు తలనొప్పి. అందుకే ఆ మార్పు యూరప్‌తో ఆగలేదు.

అయితే సీసం బదులు వచ్చిన తగరం, వెండి, రాగి మిశ్రమం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. ఓవెన్లు ఇంకా వేడెక్కాలి. అంటే విషం తగ్గింది, కరెంటు పెరిగింది! దీనికి విరుగుడుగా బిస్మత్ అనే లోహం కలిపిన టంకం వచ్చింది. తగరం, బిస్మత్ సరైన పాళ్లలో కలిస్తే 138 డిగ్రీలకే కరుగుతాయి. 2017లో కంప్యూటర్ల కంపెనీ లెనోవో ఈ తక్కువ వేడి పద్ధతిని ప్రకటించింది. బిస్మత్ కాస్త పెళుసు, కింద పడితే అతుకు విరిగే ప్రమాదం ఉంది. దాని మీద ఇంజనీర్లు పడ్డ శ్రమను నేను నిజంగా మెచ్చుకుంటాను.

ఒకటి గమనించండి. సీసం తయారైన వస్తువులో ఉండిపోతుంది కాబట్టి పరీక్షకు దొరుకుతుంది. తయారీలో వాడి వదిలేసినవి అలా దొరకవు. 2009లో చైనాలోని సుజౌలో ఒక ఫ్యాక్టరీ తెరలు తుడవడానికి ఆల్కహాల్ బదులు హెక్సేన్ అనే ద్రావకం వాడింది. త్వరగా ఆరిపోతుందని, గంటకు ఇంకొన్ని తెరలు తయారవుతాయని. ఆ ఆవిరి పీల్చి 137 మంది కార్మికుల నరాలు దెబ్బతిన్నాయి. చేతులు మొద్దుబారాయి, కొందరు నడవలేకపోయారు. అదే తెరను ఏ ప్రయోగశాలకు పంపినా హెక్సేన్ జాడ ఉండదు, ఎప్పుడో ఆవిరైపోయింది. చట్టం ప్రకారం ఆ వస్తువు శుభ్రమైనదే.

నన్ను కలతపెట్టేది ఇదే. కాలిన ఇంధనం, గాలిలోకి పోయిన వాయువు, కార్మికుడి ఊపిరిలోకి వెళ్లిన ద్రావకం, వీటిలో ఏదీ మన చేతికొచ్చే పెట్టెలో మిగలదు. మెమరీ ఎంతో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో రాసేచోటే, తయారీకి ఎంత కరెంటు పట్టిందో, ఏ రసాయనాలు వాడారో కూడా రాయమని కంపెనీలను మనం అడగాలి. ఆ లెక్కలు ఫ్యాక్టరీలో ఎలాగూ ఉంటాయి. రసాయనాలు కొన్న బిల్లులు, కరెంటు బిల్లులు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

నమస్కారం.