ఇంటి నుంచి వెళ్ళే ఫోను

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. బండి నడుపుతూ ఫోను మాట్లాడటం గురించి ఈ రోజు మీ కాల్స్ తీసుకుంటున్నాం. మోటారు వాహనాల తనిఖీ అధికారిగా చాలా ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన అతిథి మనతో ఉన్నారు. సార్, ముందు మీరు రెండు మాటలు చెప్పండి.

అతిథి: నమస్కారమండి. ప్రమాదం జరిగాక బండిని పరీక్షించి నివేదిక రాయడం మా పని. బ్రేకు తొక్కి చూస్తాం, స్టీరింగు తిప్పి చూస్తాం, టైర్లు చూస్తాం. లోపమేమీ కనిపించకపోతే ‘ఈ ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదు’ అని రాసి సంతకం పెడతాం. ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒక్క కేసు మాత్రం మనసులోంచి పోదు. ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దింది. తిన్నని రోడ్డు, వాన కూడా లేదు. పాతకాలపు కారు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు పట్టేసి తారు మీద నల్లటి గీత పడాలి. నేను ముందుకూ వెనక్కూ నడిచి వెతికాను. జానెడు గీత కూడా లేదు. బ్రేకు బాగానే ఉంది, ఆయన తొక్కనే లేదు. ఆ సమయానికి వచ్చిన ఫోను ఇంటి నుంచి. ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అని అడగడానికి చేశామని ఇంట్లోవాళ్ళు చెప్పారు. అందుకే ఈ రోజు నడిపేవాళ్ళతో కంటే, ఇంట్లో కూర్చుని వాళ్ళకు ఫోను చేసేవాళ్ళతో ఎక్కువ మాట్లాడాలని వచ్చాను.

వ్యాఖ్యాత: మొదటి కాల్ ఏలూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (ఏలూరు): నమస్కారం సార్. మావారు రోజూ బైకు మీద ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళి వస్తారు. హెల్మెట్‌లోకి ఫోను దూర్చి మాట్లాడుతూ నడుపుతారు. ఎంత చెప్పినా వినరు.

అతిథి: ఎవరితో మాట్లాడతారమ్మా?

శ్రోత: ఆఫీసువాళ్ళతో. (కొంచెం ఆగి) నాతో కూడా సార్. సాయంత్రం ఏడు దాటితే నేనే చేస్తాను. ఎత్తకపోతే కాళ్ళూ చేతులూ ఆడవు.

అతిథి: మీ భయం మంచిదే తల్లీ, మీ ఫోనే మంచిది కాదు. ఈ రాత్రి ఆయనతో ఒక ఒప్పందం చేసుకోండి. బయల్దేరే ముందు ఒక కాల్, మధ్యలో ఎక్కడైనా ఆగితే ఇంకొకటి, రెండూ ఆయనే చేయాలి. మీరు చేసినప్పుడు ఎత్తలేదంటే బండి మీద ఉన్నారని ధైర్యంగా ఉండండి. ఎత్తితే మాత్రం మొదటి మాటగా ‘బండి ఆపారా?’ అని అడగండి. లేదంటే మారుమాట లేకుండా మీరే పెట్టేయండి. ఇంకో సంగతి. ఫోను ఇరికించడానికి హెల్మెట్ పట్టీ వదులు చేసుకునేవాళ్ళను చాలామందిని చూశాను. బండి పడితే తల కంటే ముందు హెల్మెట్ ఊడిపోతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే.

శ్రోత: ఈ రాత్రే చెబుతాను సార్.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ కర్నూలు నుంచి.

శ్రోత (కర్నూలు): సార్, నేను చేత్తో ఫోను ముట్టుకోను. చెవిలో బ్లూటూత్ ఉంటుంది, కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. పక్క సీటులో ఉన్న స్నేహితుడితో మాట్లాడితే లేని తప్పు ఇందులో ఏముంది?

అతిథి: న్యాయమైన ప్రశ్న బాబూ. పక్కనున్న స్నేహితుడికి ఎదురుగా వస్తున్న లారీ కనిపిస్తుంది. మాట మధ్యలో ఆపి ‘చూసుకో’ అంటాడు. ఫోనులో ఉన్న మనిషికి మీ రోడ్డు కనిపించదు. గేదె అడ్డం వచ్చినా అతను జీతం సంగతో, స్థలం సంగతో అడుగుతూనే ఉంటాడు, మీరు జవాబు వెతుక్కుంటూనే ఉంటారు. అప్పుడు కళ్ళు చూస్తాయి గానీ చూసింది బుర్రకెక్కదు. ఫోను వాడుతూ నడిపేవాళ్ళకు ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఎక్కువనీ, చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన పెద్ద మేలేమీ లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోటారు వాహనాల చట్టం మాత్రం, చేతిలో పట్టుకున్న ఫోను గురించే గట్టిగా చెప్పింది. 2019 సెప్టెంబరు 1 నుంచి 184వ సెక్షన్ కింద అది ప్రమాదకరంగా నడపడమే. కేంద్ర చట్టం ప్రకారం మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. మీరు పోలీసుకు దొరకకపోవచ్చు. గేదె చట్టం చదవలేదు కదా, దానికోసమైనా మాట ఆపండి.

వ్యాఖ్యాత: సూర్యాపేట నుంచి ఇంకో కాల్. చెప్పండి.

శ్రోత (సూర్యాపేట): (హారన్ల మోత) సార్, నమస్తే, చాలాసేపటి నుంచి ప్రయత్నిస్తున్నాను, నేను కారు డ్రైవరును...

అతిథి: బాబూ, ఇప్పుడు బండి నడుపుతున్నారా?

శ్రోత: అవును సార్, ఫర్వాలేదు, హైవే ఖాళీగానే...

(లైను తెగింది.)

అతిథి: నేనే తీసేయమని సైగ చేశాను. ఆయన మనసు నొచ్చుకుంటే క్షమించాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. స్క్రీను వైపు 5 సెకన్లు చూస్తే 80 మీటర్లు దాటిపోతుంది. పల్లె వీధిలో పది ఇళ్ళ వరస దాకా కళ్ళు మూసుకుని వెళ్ళినట్టే. బాబూ, రోడ్డు దిగి బండి ఆపి మళ్ళీ చేయండి. మీ వంతు ఉంచుతాం.

వ్యాఖ్యాత: ఈలోగా విజయనగరం నుంచి ఒక తల్లి.

శ్రోత (విజయనగరం): మా పాప వెళ్ళే స్కూలు వ్యాను డ్రైవరు ఎప్పుడూ ఫోనులోనే ఉంటాడండి. ఎవరికి చెప్పాలి?

అతిథి: తేదీ, సమయం, బండి నంబరు రాసి పాఠశాలకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. కదలకపోతే రవాణా కార్యాలయానికి వెళ్ళండి. అమ్మా, ఒకటి అడుగుతాను. వ్యాను ఆలస్యమైతే మీరు ఎవరికి ఫోను చేస్తారు?

శ్రోత: ...ఆ డ్రైవరుకేనండి.

అతిథి: వ్యానులో ఇరవై మంది పిల్లలుంటే ఇరవై ఇళ్ళ నుంచి ఆ ఫోనుకే కాల్స్ వస్తాయి. ఎత్తకపోతే పొగరంటాం. వ్యానులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ నంబరు తీసుకుని, డ్రైవరు నంబరు మీ ఫోనులోంచి తీసేయండి. మిగతా తల్లిదండ్రులకూ చెప్పండి.

వ్యాఖ్యాత: సూర్యాపేట శ్రోత మళ్ళీ లైనులోకి వచ్చారు.

శ్రోత (సూర్యాపేట): టీ కొట్టు దగ్గర ఆపాను సార్. బుకింగు ఫోనులోనే వస్తుంది, దారి ఫోనులోనే చూడాలి. ఎత్తకపోతే కస్టమరుకు కోపం. మాలాంటివాళ్ళం ఏం చేయాలి?

అతిథి: ఆపినందుకు ముందు మీకు దండం. దారి చూసుకోవడానికి ఫోను వాడవచ్చు, ఏకాగ్రత చెడకూడదు. 2020 అక్టోబరు నుంచి నిబంధన అదే. చోటు పేరు బండి కదలకముందే పెట్టుకోండి, ఫోనును స్టాండులో ఉంచి, అది దారి చెప్పే మాట వినండి. చాలా ఫోన్లలో ‘నడుపుతున్నాను’ అని దానంతట అదే జవాబు పంపే ఏర్పాటు ఉంటుంది, టీ తాగేలోగా పెట్టుకోండి. కారు ఎక్కడుందో మ్యాపులో కనిపిస్తూనే ఉన్నా ఫోను చేసే ప్రయాణికులు ఈ మాట వింటున్నారనుకుంటాను. ఇప్పుడు ఎందాకా?

శ్రోత: ఇంటికే సార్, విజయవాడ. మా అమ్మాయి ఇప్పటికే రెండుసార్లు చేసింది.

అతిథి: అయితే అక్కడి నుంచే ఆమెకు చేయండి. చేరేదాకా ఎత్తనని చెప్పండి. తర్వాత సీటు బెల్టు పెట్టుకోండి. మేము పెట్టేస్తున్నాం.