ఊరు తేల్చాక లెన్స్, లెన్స్ తేల్చాక కెమెరా
(చెన్నైలో తెలుగు ఛాయాచిత్ర అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ప్రయాణాలకు ఏ కెమెరా కొనాలని అడిగేవారికి నేను జవాబు చెప్పే ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు ఎక్కడికి వెళుతున్నారు, అక్కడ మీరు నిలబడే చోటుకూ మీరు తీయదలచిన దానికీ మధ్య ఎంత దూరం ఉంటుంది? పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించే మెగాపిక్సెళ్ల సంఖ్య కంటే ఈ దూరమే మన కొనుగోలును నిర్ణయించాలని నా అభిప్రాయం. అందుకే ఈ ప్రసంగంలో లెన్స్ ముందు వస్తుంది, కెమెరా తరువాత వస్తుంది.

దూరాన్ని లెన్స్‌తో ముడిపెట్టే లెక్క చాలా చిన్నది. కెమెరాలో చిత్రం పడే పలకను సెన్సర్ అంటారు, లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే సంఖ్యను ఫోకల్ లెంగ్త్ అంటారు. సెన్సర్ కొలతను ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, ఆ వచ్చినదాన్ని దూరంతో హెచ్చవేస్తే ఫ్రేములో ఎంత మేర పడుతుందో తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలతలు 36, 24 మిల్లీమీటర్లు. తంజావూరు బృహదీశ్వరాలయ విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, ఎత్తు సుమారు 66 మీటర్లు. కెమెరాను నిలువుగా తిప్పి 24 మి.మీ. లెన్స్ వాడితే ఫ్రేము ఎత్తు దూరానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది కనుక, కాగితం మీద చూస్తే 44 మీటర్ల దూరం సరిపోవాలి. కానీ మనం నిలబడేది నేల మీద. కెమెరాను పైకెత్తితే విమానం వెనక్కి వాలినట్టు వస్తుంది, ఎత్తకుండా తిన్నగా పట్టుకుంటే ఫ్రేములో దాదాపు సగం నేలకే పోతుంది. అప్పుడు 88 మీటర్లు వెనక్కి జరగవలసి వస్తుంది. అదే 50 మి.మీ. లెన్స్‌తో అయితే 180 మీటర్లు దాటుతుంది. ఎదురుగా అంత వెనక్కి నడిచే లోపే నంది మండపం అడ్డొస్తుంది.

ఇలాంటి చోట్ల చాలామంది, ఇంకా ఎక్కువ మేర పట్టే 14 మి.మీ. లెన్స్ కొనాలని తొందరపడతారు. నేను వద్దంటాను. ఇదే తంజావూరులో 1858లో, మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా పనిచేస్తున్న లినేయస్ ట్రైప్, విమానం పీఠం చుట్టూ చెక్కిన శాసనాలను తీయవలసి వచ్చినప్పుడు, అవి ఒక్క చిత్రంలో పట్టవు కనుక గోడ వెంబడి జరుగుతూ 21 చిత్రాలుగా తీసి, వాటిని ఒక పట్టీగా అతికించారు. దాని పొడవు 19 అడుగులకు పైమాటే. మైనం పూసిన కాగితం నెగటివ్‌లతో ఆయన చేసిన పనిని ఇప్పుడు కంప్యూటర్ నిమిషంలో చేసిపెడుతుంది. పొడవైన గోడ అయితే దానికి సమాంతరంగా నడుస్తూ, ఎత్తైన గోపురం అయితే ఒకేచోట నిలబడి కెమెరాను తిప్పుతూ, ఒక్కో చిత్రానికీ పక్కదానికీ మూడో వంతు కలిసేలా తీస్తే చాలు. ఏడాదికి రెండుసార్లు అక్కరకు వచ్చే లెన్స్‌ను సంచిలో ఏడాది పొడవునా మోయవలసిన పని లేదు.

దగ్గరి వస్తువులకు ఇలా ఉపాయం ఉంది కానీ, దూరపు వస్తువులకు ఉపాయం లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ వెళుతుంది. శీతకాలంలో ఆ రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు కనిపిస్తాయి, కానీ దగ్గరికి రావు. మనం నీళ్లలోకి దిగి వాటిని బెదరగొట్టకూడదు కూడా. పక్షి ఎత్తు 1.3 మీటర్లు, దూరం 100 మీటర్లు అనుకుందాం. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను చివరిదాకా తిప్పినా, ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఫ్రేము ఎత్తు సుమారు 28 మీటర్లు వస్తుంది కాబట్టి, పక్షి అందులో ఇరవయ్యో వంతుకు మించదు. 350 మి.మీ. లెన్స్‌తో అదే ఫ్రేము నాలుగున్నర మీటర్లకు కుదించుకుపోతుంది, పక్షి నాలుగో వంతు దాటుతుంది. చెన్నై నుంచి పులికాట్‌కో, నేలపట్టుకో, వేడంతాంగల్‌కో వెళ్లేవారు ఖర్చు పెట్టవలసింది ఇక్కడే. పక్షుల జోలికి పోని వారికి ఈ లెన్స్ వృథా. వారు ఆ డబ్బును వెలుతురు మీద పెట్టవచ్చు.

వెలుతురు మీద అంటే అపర్చర్ మీద, లెన్స్‌లో వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం మీద అన్నమాట. దాని ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే అది అంత ఎక్కువ తెరుచుకుంటుంది. మైలాపూరు కపాలీశ్వరాలయం పంగుణి ఉత్సవాల్లో రాత్రిపూట మాడ వీధుల్లో వాహన సేవ జరుగుతున్నప్పుడు, బోయీలు అడుగు వేస్తుంటారు, నాదస్వర విద్వాంసుడి తల ఊగుతుంటుంది, దీపాల వెలుగు దేవుడి మీదే ఉండి మనుషుల మీద అంతంతమాత్రంగా పడుతుంది. కదిలే మనుషులు చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 125వ వంతయినా ఉండాలి. మామూలు జూమ్ లెన్స్ చివరన ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 35 మి.మీ. ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేని లెన్స్, దానికి దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి పంపుతుంది. మసక వెలుతురును కెమెరా ఎంతగా పెంచి చూపాలో చెప్పే సంఖ్య ఐఎస్ఓ, అది పెరిగేకొద్దీ చిత్రం గరుకుబారుతుంది. జూమ్‌తో ఐఎస్ఓ 6400 పెట్టవలసిన చోట దీనితో 640 సరిపోతుంది. ఆ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి పట్టుపంచె అంచును చూడండి. 640 చిత్రంలో జరీ పోగులు లెక్కపెట్టవచ్చు, 6400 చిత్రంలో అంచు ఒక పసుపు మరకగా మిగులుతుంది. ఇంత తేడా తెచ్చే ఈ ప్రైమ్ లెన్స్‌లు చాలా కంపెనీలలో అన్నిటికంటే చవకైన వాటిలో ఉండడం మన అదృష్టం.

కెమెరాలోనే స్టెబిలైజర్ ఉంది కదా అని దుకాణదారు అనవచ్చు. ఆ మాట నిజమే, కానీ అది మన చేతి వణుకునే సరిచేస్తుంది, ఎదుటివారి కదలికను ఆపలేదు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది విజయనగర కాలపు వర్ణచిత్రాలకు అది చక్కగా పనికివస్తుంది, ఎందుకంటే అక్కడ కదిలేది మనమొక్కరమే. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి కనుక, అటువంటి చోట్లకు ఎక్కువగా వెళ్లేవారికి స్టెబిలైజర్ ఉన్న కెమెరా నిజంగానే మేలు. తిరుమల ఆలయంలోకి కెమెరాను అసలే రానివ్వరు కనుక అక్కడికి ఏ లెన్స్ అన్న ప్రశ్నే లేదు.

ఇప్పుడు కెమెరాకు వద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కొనాలా, ఏపీఎస్-సీ కొనాలా అన్న వాదనను నేను తూకంతో తేల్చుకుంటాను. ఒకే కంపెనీ సామాను తీసుకుంటే పోలిక సులువు. సోనీ ఏ7 నాలుగో తరం కెమెరా, 24-70 ఎఫ్ 2.8 రెండో తరం లెన్స్, 100-400 లెన్స్ కలిపి రెండుమ్ముప్పావు కిలోల దాకా తూగుతాయి. అదే కంపెనీ ఏ6700 కెమెరా, దానికి సరిపడే సిగ్మా 18-50 ఎఫ్ 2.8, సోనీ 70-350 కలిపితే 1.4 కిలోలు. సెన్సర్ చిన్నది కనుక రెండో జత దూరపు వస్తువును ఇంకా దగ్గరగా చూపుతుంది కూడా. మసక వెలుతురులో మొదటి జతదే పైచేయి అన్న మాట కాదనను. అయితే మే నెల ఎండలో మహాబలిపురం పంచరథాల నుంచి సముద్రతీర ఆలయం దాకా భుజాన వేసుకుని నడిచేవారు, మధ్యాహ్నానికి ఆ తేడాను భుజంతోనే కొలుస్తారు. బరువని గదిలో వదిలేసి వచ్చిన కెమెరా ఎంత గొప్పదైతే ఏమిటి?

మౌంట్, అంటే కెమెరాకు లెన్స్ బిగించే అమరిక గురించి ఒక్క మాట. కెమెరా కొన్నామంటే ఆ మౌంట్‌కు దొరికే లెన్స్‌లన్నిటితో సంబంధం కలుపుకున్నట్టే. సోనీ తన ఇ మౌంట్ వివరాలను 2011లోనే ఇతర తయారీదారులకు ఇచ్చింది కనుక సిగ్మా, టామ్రాన్ లెన్స్‌లు దానికి విరివిగా ఉన్నాయి. కెనన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కు ఆ రెండు కంపెనీల ఆటోఫోకస్ లెన్స్‌లు 2024లో గానీ మొదలుకాలేదు, అదీ ఏపీఎస్-సీ కెమెరాలతోనే. బడ్జెట్ చిన్నదైతే కెమెరా ధర కంటే ముందు ఈ సంగతి విచారించండి.

మన ఊరికి ప్రత్యేకమైన శత్రువు ఒకటుంది, అది తేమ. సముద్రపు గాలిలో నెలల తరబడి బీరువాలో మూసిపెట్టిన లెన్స్‌లో బూజు పడుతుంది. సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. గాజు అంచు నుంచి లోపలికి సాలెపోగుల్లాంటి తెల్లని దారాలు పాకి ఉంటే, ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. దుమ్ము రేణువులు రెండు మూడు కనిపిస్తే దిగులుపడనక్కరలేదు. ఇంట్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమమాపకం పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. దీనికి అయ్యే ఖర్చు ఒక మంచి ఫిల్టర్ ధర కూడా ఉండదు. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడిన కెమెరాను తెల్లవారుజామున నేరుగా తీరానికి తీసుకువెళితే గాజు మీద ఆవిరి కమ్ముకుంటుంది. అరగంట ముందే సంచి జిప్పు తీయకుండా బాల్కనీలో పెడితే ఆ బెడద తప్పుతుంది. ఇసుకా ఉప్పుగాలీ ఉన్నచోట లెన్స్ మార్చకూడదు కనుకనే, తీర ప్రాంతాలకు ప్రైమ్‌ల కంటే ఒక జూమ్ మేలంటాను.

బ్యాటరీల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. విమానంలో విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచాలి, లగేజీలో వేయకూడదు.

ఇంతా విని కూడా ఏది కొనాలో తేలనివారు ముందుగా తమ ఫోన్‌లోనూ పాత కెమెరాలోనూ ఉన్న చిత్రాల వివరాలు తెరిచి, నచ్చిన చిత్రాలు ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర పడ్డాయో చూసుకోవాలి. తరువాత ఆ లెన్స్‌ను అద్దెకు తెచ్చుకోండి. చెన్నైలోనూ బెంగళూరులోనూ రోజువారీ అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. తెల్లవారకముందే కాసిమేడు చేపల రేవుకు తీసుకువెళ్లండి. తడి నేల, తోపులాట, మసక వెలుతురు, దూరాన పడవలు అన్నీ అక్కడే ఉన్నాయి కనుక, ఆ జూమ్ రింగు తడి చేతికి తిరుగుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. అద్దె కట్టేటప్పుడు మాత్రం దుకాణంవారి ఎదుటే లెన్స్ ముందు గాజునూ వెనుక గాజునూ ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు గీత ఎవరి చేతుల్లో పడిందన్న వాదన రాదు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.