గాయం పడినచోట మళ్లీ పుట్టే పొర

సభకు నమస్కారం.

రక్షణ కవచం అనగానే మందంలోనే బలముందని భావించడం సహజం. అయితే ఆ పొర తన కింది పదార్థాన్ని ఎంత గట్టిగా అంటిపెట్టుకుంటుందో, గీత పడినప్పుడు ఎంత త్వరగా పూడుకుంటుందో చూడకుండా దాని విలువ కట్టలేమని నా అభిప్రాయం.

అల్యూమినియం ఇనుముకన్నా చురుకైన లోహం. అయినా గాలి తగలగానే దానిపై కొద్ది నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. గీకితే, హాని చేయవలసిన ఆక్సిజన్‌తోనే ఆ పొర మళ్లీ అల్లుకుంటుంది. ఇనుముపై పుట్టే తుప్పు మాత్రం తాను తినేసిన లోహంకన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించి, పెచ్చులుగా రాలి, కొత్త లోహాన్ని బయటపెడుతుంది. ఆక్సైడు ఘనపరిమాణానికీ, అది పుట్టిన లోహపు ఘనపరిమాణానికీ ఉండే నిష్పత్తిని 1923లో పిల్లింగ్, బెడ్వర్త్ అనే శాస్త్రజ్ఞులు కొలమానంగా ప్రతిపాదించారు. అల్యూమినియానికి అది సుమారు 1.28, మెగ్నీషియానికి 0.81 మాత్రమే, అంటే ఒకటికన్నా తక్కువ కనుక మెగ్నీషియం పొర లోహాన్ని పూర్తిగా కప్పలేదు.

అదే ఇనుమును గాఢ నత్రికామ్లంలో ముంచితే చర్య ఆగిపోతుంది. తీసి సజల ఆమ్లంలో జాగ్రత్తగా ఉంచినా నిశ్చలంగానే ఉంటుంది; గాజుకడ్డీతో ఒక్క గీత గీస్తే చాలు, గోధుమరంగు పొగలు కక్కుతూ కరగడం మొదలవుతుంది. దీనికి కంటికి కనిపించని ఆక్సైడు పొరే కారణమని ఫారడే 1836లోనే ఊహించడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఇక జీవులు. మన చర్మపు పైపొర చాలా చోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందం మాత్రమే ఉంటుంది. కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ నిండిన మృతకణాలు, వాటి సందుల్లోని కొవ్వులు కలిసి శరీరంలోని నీటిని ఆపుతాయి. పైన రాలినంత మేర కింది నుంచి కొత్త కణాలు వస్తాయి. కీటకాల్లో ఈ పని చేసేది కైటిన్ అనే గట్టి పదార్థపు కవచం మీది పలుచని మైనపు పూత. 1940లలో కీటక శాస్త్రజ్ఞుడు విగిల్స్‌వర్త్ చేసిన ప్రయోగాల్లో గరుకు పొడి ఆ పూతను గీకివేయగా, ఏ విషమూ లేకుండానే కీటకాలు ఎండి చనిపోయాయి. తేమగాలిలో ఉంచినవి మాత్రం మళ్లీ మైనం స్రవించి తేరుకున్నాయి.

తేడా ఇక్కడే ఉంది. జీవి తన పొరను లోపలి నుంచి పూడ్చుకుంటుంది, లోహానికి బయటి నుంచి ఆక్సిజన్ అందాలి. అందుకే క్రోమియం కలిసినందున పైన ఆక్సైడు పొర కట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు సైతం, బోల్టు తల కింద ఉప్పునీరు నిలిచి గాలి ఆడని సందులో, ఉప్పులోని క్లోరైడు దెబ్బకు గుంటలు పడుతుంది. మాలిబ్డినం కలిపిన మేలురకం ఉక్కు ఈ దాడిని కొంత తట్టుకుంటుంది గానీ, అసలు అలాంటి ఇరుకు సందులే లేకుండా నిర్మాణాన్ని రూపొందించడం అంతకన్నా మేలని నేను నమ్ముతాను.