కింది దవడ మోడల్ కొనొచ్చా? అసలు ఎముక పక్కన పెట్టి నా రివ్యూ

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది కింది దవడ మోడల్, అంటే మాండిబుల్. బీడీఎస్ ఫస్ట్ ఇయర్ జూనియర్లు చాలామంది "అక్కా, ఇది కొనుక్కోవచ్చా?" అని అడుగుతున్నారు. మూడు వారాలు వాడి చూశాను. పోల్చి చూపించడానికి నా పాత బోన్ సెట్‌లోని అసలు దవడ కూడా తెచ్చాను.

ముందు నచ్చింది చెప్తాను. ఒక పక్క ఎముకను కోసి లోపలి నరాన్ని పసుపు రంగులో చూపించారు. దవడ వెనక భాగంలో లోపలి వైపు నుంచి దూరిన నరం, పళ్ళ వేర్ల కిందుగా సాగి, గడ్డం పక్కన మెంటల్ ఫోరామెన్ అనే రంధ్రంలోంచి బయటికొస్తుంది. ఈ దారి పుస్తకం బొమ్మలో కంటే ఇక్కడే బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మోడల్‌లో ఆ రంధ్రం రెండో ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే రెండు చిన్న పళ్ళలో రెండోది) కింద, ఒక్కటే ఉంది. నా ఎముకను దగ్గరగా చూడండి. రంధ్రం కాస్త ముందుకు జరిగి రెండు ప్రీమోలార్ల మధ్యకి వచ్చింది. పక్కనే సన్నగా ఇంకొకటి కనిపిస్తోందా? ఇది జబ్బు కాదు, విరిగినదీ కాదు. కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుంది.

ఎందుకంటే, గర్భంలో, పిండం మెడ దగ్గర వంపుల్లా వచ్చే ఫారింజియల్ ఆర్చ్‌లలో మొదటిదాంట్లో మెకెల్ కార్టిలేజ్ అనే మృదులాస్థి కడ్డీ ఉంటుంది. జర్మన్ అనాటమిస్ట్ యొహాన్ ఫ్రీడ్రిఖ్ మెకెల్ పేరు మీద వచ్చింది. ఇదే గట్టిపడి దవడ అవుతుందని చాలామంది అనుకుంటారు, వైవాలో అక్కడే దొరికిపోతారు. దవడలో చాలా భాగం ఆ కడ్డీకి బయటి పక్కన, పొరలోంచి నేరుగా ఎముకగా మారుతుంది. ఆరో వారం ప్రాంతంలో, నరం రెండుగా చీలే చోట మొదలవుతుంది. నరం ముందు, ఎముక తర్వాత! రంధ్రం పూర్తిగా ఏర్పడకముందే, అందులోంచి బయటికొచ్చే మెంటల్ నరం కొమ్మలుగా చీలిందనుకోండి, ఎముక ఒక్కో కొమ్మ చుట్టూ విడిగా మూసుకుంటుంది. అదే ఈ రెండో రంధ్రం. ఇక కార్టిలేజ్ చాలావరకు కరిగిపోయినా, దాని వెనక కొస చెవిలో మాలియస్, ఇంకస్ అనే బుల్లి ఎముకలవుతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది అబ్బురమే.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దాయనకి కింది జ్ఞానదంతం తీయాల్సి వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చాను, పెదవి మొద్దుబారింది, అయినా ఆయన నొప్పితో విలవిల్లాడారు. నేనే తప్పు చేశానని చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత స్కాన్‌లో చూస్తే ఆ పక్క నరం కాలువ రెండుగా ఉంది. ముందు పళ్ళకి, పాలదంతాల మోలార్లకి (వెనక నమిలే పళ్ళకి), శాశ్వత మోలార్లకి మొదట వేర్వేరు కాలువలు ఏర్పడి తర్వాత కలుస్తాయనీ, పూర్తిగా కలవకపోతే ఇలా మిగులుతాయనీ ఒక వివరణ ఉంది. మోడల్‌లోని ఒక్క పసుపు తీగ చూసి నేర్చుకున్నవాళ్ళకి ఇది తట్టదు. నాకూ తట్టలేదు.

ఇంజెక్షన్‌కి గుర్తుగా పెట్టుకునే లింగులా (నరం దూరే చోట ఉండే చిన్న ఎముక మొన) కూడా మోడల్‌లో త్రికోణమే. అసలు ఎముకల్లో మొద్దుగానో, గుండ్రంగానో, దాదాపు కనపడకుండానో ఉండొచ్చు.

వయసు మార్పులైతే అసలు లేవు. పుట్టినప్పుడు దవడ రెండు ముక్కలు, మొదటి ఏడాదిలో గడ్డం మధ్యలో అతుక్కుంటాయి. పసిబిడ్డలో మెంటల్ ఫోరామెన్ కింది అంచు దగ్గర, పెద్దవాళ్ళలో మధ్యలో ఉంటుంది. పళ్ళూడిపోయి, ఆ పళ్ళున్న పై భాగం ఎముక అరిగాక పై అంచుకి దగ్గరవుతుంది. కట్టుడు పళ్ళు పెట్టించాక మా అమ్మమ్మ "నములుతుంటే పెదవిలో చురుక్కుమంటోందే" అనేది. సెట్ నేరుగా నరం మీద ఒత్తుతోంది. ఆ చోట సెట్‌ను కాస్త అరగదీయించాక హాయిగా తింది.

నా మాట: నరం దారి తెలియడానికి కొనండి, డబ్బు వృథా కాదు. కానీ దీన్నొక్కదాన్నే నమ్మకండి. మీ కాలేజీ అనాటమీ విభాగంలో ఎముకల పెట్టె అడిగి, ఓ పది దవడలు వరసగా పెట్టి ఒక్కో రంధ్రాన్నీ వేలితో తడిమి చూడండి. నేనైతే నా మోడల్ మీద ఇదిగో, నల్ల మార్కర్‌తో రెండో చుక్క పెట్టేశాను.