మగపిల్లలే కదా అని వదిలేసిన ఇళ్ళు

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఒక సభలో పాలమూరు ప్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కోకాపేట, నార్సింగి వైపు ఈమధ్య వెళ్ళినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. నలభై యాభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. వాటి పక్కనే రేకుల షెడ్లు. ఒడిశా, బీహార్ వాళ్ళతోపాటు మా పాలమూరు మేస్త్రీలు, కూలీలు కూడా ఆ షెడ్లలో ఉంటారు. నేను మా ఊరివాళ్ళను చూడటానికి వెళ్ళినప్పుడల్లా చంటిపిల్లలు కనిపిస్తారు. చెల్లెల్ని చంకనెత్తుకున్న ఆడపిల్లలు కనిపిస్తారు. బడికి పోయే వయసు మగపిల్లలు మాత్రం చాలా తక్కువ. ఏరీ అని అడిగితే, "ఊర్ల ఉన్నరు సార్, సదువుకుంటున్నరు" అంటారు. ఎవరి దగ్గర అని అడిగితే కాసేపు మాట్లాడరు. "అన్నదమ్ములిద్దరే ఉంటరు. మగపిల్లలే కదా సార్, బతుకుతరు."

ఆ అన్నదమ్ములిద్దరే ఉండే ఇళ్ళ గురించి చెప్పడానికే వచ్చాను.

పాలమూరు వలస కొత్తది కాదు. దేశమంతటా ఆనకట్టలు కట్టిన చేతుల్లో మా జిల్లా చేతులున్నాయి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించుకుపోయేవాడు. ఊళ్ళో ఇంటికి తాళం, పనిచోట పిల్లాడి నెత్తిన తట్ట. మా తరం టీచర్లకు తెలిసిన బాధ అది. దానిమీద పెద్ద పోరాటమే జరిగింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని ఇంటింటికీ తిరిగి ఒప్పించారు. ఆ పనికి ముందు నిలిచిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. తల్లిదండ్రుల మనసు నిజంగానే మారింది. నేను మోసిన తట్ట నా కొడుకు మోయొద్దు అనుకున్నారు. అందుకే పిల్లల్ని బడి మాన్పించకుండా ఊళ్ళో ఉంచి, తాము మాత్రమే పట్నం బస్సెక్కుతున్నారు. తాళం పడిన ఇంటి బదులు పెద్దలు లేని ఇల్లు మిగిలింది. బడి గెలిచిన చోటే ఈ కష్టం పుట్టింది. దీన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యమని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఆడపిల్లైతే అమ్మమ్మ దగ్గరో, కస్తూర్బా విద్యాలయంలోనో ఉంచుతారు. 2004లో మొదలైన ఆ బడులు మా వైపు ఎందరో ఆడపిల్లలను నిలబెట్టాయి. అవి ఇంకా పెరగాలి. మగపిల్లాడికి అలా మండలానికొకటి లేదు. సాంఘిక సంక్షేమ, బీసీ హాస్టళ్ళు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. పదో తరగతి దాకా ఒక హాస్టలు, ఇంటర్ నుంచి ఇంకో హాస్టలు. అన్న ఒక చోట, తమ్ముడు ఒక చోట. తల్లి పోయిన ఇంట్లో ఆ ఇద్దరికీ మిగిలింది ఒకరికొకరే అయినప్పుడు, విడిపోయి ఉండమని చెప్పడం అంత తేలిక కాదు.

నాకు బాగా తెలిసిన ఇద్దరి గురించి చెబుతాను. పేర్లు చెప్పను, ఊరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. పెద్దోడు ఇంటర్ మొదటి సంవత్సరం, చిన్నోడు మా బడిలో ఏడో తరగతి. తల్లి జబ్బుచేసి పోయింది. తండ్రి ఇక్కడే, ఈ నగరంలోనే సెంట్రింగ్ పని చేస్తాడు. దసరాకు, పీర్ల పండక్కి వస్తాడు. తాగుబోతు కాదు, పిల్లల్ని మరిచినవాడు కాదు. ప్రతి శనివారం కిరాణా కొట్టు ఫోన్‌పేకి డబ్బులు వేస్తాడు. కొట్టు నడిపే ఆవిడ ఖాతా రాసుకుని సరుకులు ఇస్తుంది.

చిన్నోడి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చూసి నేను ఆగాను. ఇంగ్లిషులో, గుండ్రంగా, అందంగా ఉంది. వాళ్ళ నాన్న వేలిముద్ర వేస్తాడని నాకు తెలుసు. ఎవరు చేశారురా అంటే, "అన్న చేసిండు సార్, బాగ నేర్చుకుని చేసిండు" అన్నాడు. నేను ఆ కార్డు తీసుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాను.

ఇల్లు శుభ్రంగా ఉంది. గోడకు తీగ మీద రెండు జతల యూనిఫాం ఆరేసి ఉంది. రైస్ కుక్కర్లో అన్నం, పక్కన గిన్నెలో పచ్చిపులుసు. ఎందుకు పచ్చిపులుసు అంటే గ్యాస్ లేదు. కనెక్షన్ తండ్రి పేరున, ఫోన్ నంబరు తండ్రిది. సిలిండర్ తెచ్చిన అబ్బాయి ఓటీపీ అడుగుతాడు. ఆ ఓటీపీ ఇక్కడ నగరంలో, షెడ్డులో చార్జింగ్ పెట్టిన ఫోన్‌కి వస్తుంది. తండ్రి ఇరవయ్యో అంతస్తులో ఉంటాడు. సిలిండర్ వాపస్ పోయింది. రేషన్ బియ్యం సంగతీ అంతే. మనిషికి ఆరు కిలోలు రావాలి. చిన్నోడి వేలిముద్ర ఐదేళ్ళప్పటిది, మిషన్ తీసుకోలేదు. ఆధార్‌లో పదిహేనేళ్ళకు తప్పకుండా చేయించాల్సిన మార్పు పెద్దోడికి ఎవరూ చేయించలేదు, వాడిదీ పడలేదు. "మీ నాయినను తోలుకరాపో" అన్నాడు డీలర్. అతని తప్పేమీ లేదు, మిషన్ ఒప్పుకోవాలి కదా. కానీ ఆ నెల ఆ ఇంటికి బియ్యం లేవు.

పెద్దోడు కాలేజీ నుంచి వచ్చాక టెంట్ హౌస్‌లో కుర్చీలు మోస్తాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో వడ్డనకు పోతాడు. వడ్డనకు పోయిన రాత్రి మిగిలిన బగారన్నం కవర్లో కట్టించుకుని వస్తాడు. చిన్నోడు అప్పటిదాకా మేలుకొని ఉంటాడు. ఉదయం బడిలో నిద్రపోతాడు. క్లాసులో నిద్రపోయే పిల్లాణ్ణి మనం ఏమంటామో మీకు తెలుసు.

చిన్నోడు నాతో ఒక మాట అన్నాడు. "ఆయితారం మంచిగుండదు సార్." ఆదివారం బడి లేదు, బడిలో భోజనం లేదు. ఎనిమిదో తరగతి దాకా కేంద్రం, రాష్ట్రం కలిసి, తొమ్మిది పది తరగతులకు మన రాష్ట్రమే పెట్టే ఆ మధ్యాహ్న భోజనం ఇలాంటి ఇళ్ళకు రోజులో గట్టి భోజనం. దసరా సెలవులంటే మిగతా పిల్లలు ఎగురుతుంటే, ఇలాంటివాళ్ళు అన్నాలు లెక్కపెట్టుకుంటారు.

పెద్దోణ్ణి వేరే అడిగాను, నీకు ఒంట్లో బాగాలేకపోతే ఎట్లా అని. "నాకు జరమొస్తే తమ్ముడు భయపడ్తడు సార్. అమ్మకు గట్లనే మొదలైంది గద. అందుకే చెప్ప." జ్వరంతోనే కుర్చీలు మోయడానికి పోతాడట. అలా పోతే చిన్నోడికి అనుమానం రాదట.

ఊళ్ళో అందరూ వాళ్ళను రామలక్ష్మణులంటారు. ప్రేమతోనే అంటారు. కానీ యాగరక్షణకు రాముణ్ణి పంపమని విశ్వామిత్రుడు అడిగితే, నా బిడ్డకు పదహారేళ్ళైనా నిండలేదని దశరథుడంతటివాడు గిలగిల్లాడాడు. పంపినప్పుడు కూడా పక్కన విశ్వామిత్రుడు నడిచాడు. మన పదహారేళ్ళ పిల్లాడి పక్కన ఎవరున్నారు? పొగడ్త ఉంది. అప్పుడప్పుడు పేపర్లో ఇలాంటి పిల్లల ఫోటో పడుతుంది, వారం రోజులు సాయాలు వస్తాయి, ఆ తర్వాత మళ్ళీ గ్యాస్ సిలిండర్ దగ్గరికే వస్తుంది కథ.

చట్టం ఏమంటుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే భయమంతా అక్కడే ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే పిల్లల్ని పట్టుకుపోయి హోంలో వేస్తారని పెద్దోడి భయం. ఎవరన్నా అడిగితే నాన్న ఇప్పుడే బయటికి పోయిండు అని చెప్పడం తమ్ముడికి నేర్పాడు. కానీ 2015 బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది, సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం మాత్రమేనని. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే బాలల సంక్షేమ కమిటీకి, పిల్లల్ని ఇంట్లోనే ఉంచి సాయం అందించే దారి ఉంది. 2022 నాటి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇవ్వొచ్చు.

మరి ఈ ఇద్దరికీ వస్తుందా? ఇక్కడే నా గొడవంతా. మార్గదర్శకాలు ముందుగా తలుచుకున్నది వితంతువైన, విడాకులైన, కుటుంబం వదిలేసిన తల్లిని. బంధువుల దగ్గర పెరిగే అనాథలను తలుచుకున్నాయి. తండ్రి బతికి ఉండి, తల్లి లేక, పిల్లలు ఒంటరిగా ఉండే ఇల్లు ఆ వరసలో సూటిగా కనిపించదు. పైగా ఆదాయ పరిమితి ఏడాదికి పల్లెలో 72,000, మిగతాచోట్ల 96,000. పట్టణం లెక్కే తీసుకున్నా నెలకు ఎనిమిది వేలు. నగరంలో సెంట్రింగ్ పని చేసే ఏ మనిషికైనా అంతకంటే ఎక్కువే వస్తుంది. ఆ డబ్బులోనే షెడ్డులో తన తిండి, ఊళ్ళో వీళ్ళ తిండి, భార్య వైద్యానికి చేసిన అప్పు మీద మిత్తి. కాగితం మీద అతను పరిమితి దాటినవాడు. పిల్లలు పెద్దదిక్కు ఉన్నవాళ్ళు.

ఇంకోటి. పెద్దోడికి పద్దెనిమిది నిండినా తమ్ముడికి చట్టప్రకారం గార్డియన్ కాడు. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, తర్వాత తల్లి. అన్న ఆ స్థానం కావాలంటే కోర్టుకు పోవాలి. అదే చట్టం పదకొండో సెక్షన్ ఒక మంచి పని చేసింది, దీన్ని ఊళ్ళో అందరికీ చెప్పండి. పిల్లల్ని నేనే చూసుకుంటున్నా కదా అని బాబాయో మామో మైనర్ల పొలం అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. తల్లిదండ్రులిద్దరూ పోయిన ఇళ్ళలో ముందు కదిలేది పొలమే, అందుకని చెబుతున్నాను.

నేను అడిగేది పెద్ద పెద్ద భవనాలు కాదు. ఆ ఇంటికి సంతకం పెట్టే పెద్దమనిషి ఒకరు కావాలి, అదీ అధికారికంగా. ఈ అన్నదమ్ముల విషయంలో ముందు పసిగట్టింది నేను కాదు, కమిటీ కాదు, కిరాణా కొట్టు ఆవిడ. "నాలుగు దినాలసంది నూడుల్స్ పాకిట్లే కొంటున్నరు సార్, కూరగాయల జోలికే పోతలేరు" అని చెప్పింది ఆవిడే. గ్రామ, వార్డు స్థాయిలో బాలల సంరక్షణ కమిటీలు ఉండాలని రాసుకున్నాం. మా దగ్గర అది కాగితం దాటలేదు. అందులో ఇలాంటి కొట్టు ఆవిడను, ఆశా కార్యకర్తను, ఒక టీచరును కూర్చోబెట్టి, ఫలానా ఇంటికి ఫలానా మనిషి అని రాసి ఇవ్వండి. రేషన్ షాపులో, ఆస్పత్రిలో, గ్యాస్ ఏజెన్సీలో ఆ మనిషి మాట చెల్లాలి.

నిర్మాణ రంగంలో ఉన్నవాళ్ళు ఈ సభలో ఉన్నారని విన్నాను. మీ సైట్లో పనిచేసే తండ్రికి నెలకొకసారి కూలి కోయకుండా రెండు రోజులు ఊరికి పంపండి. మధ్యాహ్నం అన్నం వేళ ఫోను చేతిలో ఉండనివ్వండి. దీనికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఇక ఆదివారం సంగతి. 2016 వేసవిలో కరువు మండలాల్లో, బడులకు సెలవులున్నా మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం పెట్టారు. వంటవాళ్ళు వచ్చారు, బియ్యం వచ్చాయి, పిల్లలు కంచాలు పట్టుకుని వచ్చారు, నేను చూశాను. అప్పుడు చేసిన పనే వలస ఎక్కువగా ఉన్న మండలాల్లో ఆదివారాలకు, దసరా సంక్రాంతి సెలవులకు చేయమని ఒక వినతిపత్రం రాశాం. పదో తరగతితో ఆపకుండా ఇంటర్ పిల్లలకూ పెట్టమని అందులోనే అడిగాం. అది తలుపు పక్కన బల్ల మీద ఉంది. చదవండి, ఒప్పుకుంటే సంతకం చేయండి. మీ సొంత మండలంలో ఇలాంటి ఇల్లు తెలిస్తే పిల్లల పేర్లు రాయొద్దు, మండలం పేరు మాత్రం వెనక రాయండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.