నలుగురితో నడవని డ్యూటీ

అందరికీ నమస్కారం. ఎమర్జెన్సీ వార్డులు, అంబులెన్సులు, కంట్రోల్ రూములు, కాల్ సెంటర్లు నడిపేవాళ్లు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా డ్యూటీ చార్టు దగ్గరే మొదలుపెడతాను. సిబ్బంది మానసిక ఆరోగ్యం అనగానే యోగా క్లాసో, ధ్యానమో గుర్తొస్తాయి. వాటికి నేను వ్యతిరేకిని కాను. అయితే పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన మనిషిని ఇంకో గంట ఆపి ధ్యానం చేయిస్తే, ఆ గంట పోయేది అతని నిద్రలోంచే.

ఒక లెక్క వేద్దాం. రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఉండి తీరాల్సిన సీటు ఒకటి ఉందనుకోండి. వారానికి 168 గంటలు. తలా 42 గంటల చొప్పున నలుగురితో సరిపోతుంది. షిఫ్టు మారేటప్పుడు తర్వాతివాళ్లకు పని అప్పగించే హ్యాండోవర్‌కు పట్టే పావుగంట ఇందులో లేనే లేదు. ఒకరికి జ్వరమొచ్చిందా, మిగతా ముగ్గురి నెత్తిన తలా 56 గంటలు పడతాయి. ఆ ఖాళీ నింపకుండా నెలలు గడిపేస్తే అదే మామూలైపోతుంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. అలాంటి సీటుకు కనీసం ఐదుగురు కావాలి. బడ్జెట్ లేదంటారు. మానేసినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకుని పని నేర్పే ఖర్చు వేరే పద్దులో పడుతుంది కాబట్టి అది ఎవరి కంటా పడదు.

తర్వాత షిఫ్టుల వరస. రాత్రి పదికి దిగిన మనిషిని పొద్దున ఆరుకు మళ్లీ ఎక్కిస్తే మధ్యలో ఎనిమిది గంటలు. రానూపోనూ ప్రయాణం, స్నానం, భోజనం తీసేస్తే నిద్రకు ఐదు గంటలు మిగిలితే గొప్ప. రెండు డ్యూటీల మధ్య 11 గంటలు ఉండాలని ఐరోపా సమాఖ్య నిబంధన. దాన్ని ఎక్కడైనా పాటించవచ్చు. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న క్రమంలోనే తిప్పండి. మన ఒంట్లోని గడియారం 24 గంటలకంటే కాస్త ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. వరుసగా మూడు రాత్రులకు మించి వేయకండి. చార్టు రెండు వారాల ముందే చేతికివ్వండి.

ఇక మనుషుల సంగతి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను జబ్బుగా కాక, అదుపు చేయకుండా వదిలేసిన పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా చేర్చింది. సత్తువ ఉడిగిపోవడం, పనిమీద విముఖత, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావన దాని లక్షణాలు. మొదటిది అందరూ గుర్తుపడతారు. రెండోదాని దగ్గరే మనం తప్పటడుగు వేస్తాం. నిన్నటిదాకా రోగులను పేరుపెట్టి పలకరించిన నర్సు "ఏడో నంబర్ బెడ్" అనడం మొదలుపెడితే మెమో చేతికొస్తుంది. ఆ మెమోతో ఆమె మరింత ముడుచుకుపోతుంది.

మెమో బదులు పదిహేను నిమిషాలు తలుపు వేసుకుని మాట్లాడండి. "ఈ మధ్య ఇలా తయారయ్యారేంటి?" అని అడగకండి. అది నిందలా తగులుతుంది. మీ కంటికి కనబడినదే చెప్పండి: "రెండు వారాలుగా హ్యాండోవర్ నోట్సు సగంలో ఆగిపోతున్నాయి. ఇదివరకు అలా ఉండేది కాదు. నిద్ర పడుతోందా?" అడిగాక ఆగండి. ఆ మౌనాన్ని సలహాలతో నింపొద్దు. బతకాలని లేదన్న ధోరణి మాటల్లో కనిపిస్తే ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

ఘోరమైన సంఘటన జరిగాక అందరినీ కూర్చోబెట్టి, చూసినదంతా వరసగా చెప్పించే పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. దయచేసి మానేయండి. అలాంటి ఒక్క విడత సమావేశం వల్ల తర్వాతి మానసిక గాయం ఆగదని పరిశోధనల్లో తేలింది, కొందరికి అది చేటు కూడా చేయవచ్చు. కాసేపు డ్యూటీ నుంచి తప్పించి, తిండీ నీళ్లూ చూసి, ఇంటికి చేర్చండి. మర్నాడు సూపర్‌వైజరే ఫోన్ చేయాలి. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే నిపుణుల దగ్గరకు పంపాలి.

కౌన్సెలింగుకు వెళ్లినవాళ్ల పేర్లు యాజమాన్యానికి అందకూడదు. ఆరుగురున్న బృందంలో "ఈ నెల ఒకరు వెళ్లారు" అన్నా ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి చిన్న బృందాలకు విడిగా అంకెలు ఇవ్వొద్దు. సెలవు ముగించుకుని తిరిగొచ్చేవాళ్లకు మొదటి వారాల్లో సగం గంటలు, నైట్ డ్యూటీ లేకుండా వేయండి. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో మిగతావాళ్లకు ఏం చెప్పాలన్నది మాత్రం మీరు నిర్ణయించకండి. వచ్చేముందు ఫోన్ చేసి ఆ మనిషినే అడగండి. చెప్పమన్నంతే చెప్పండి.